ఇంట్లోనే చిప్ డిజైన్ - 4వ పాఠం: ఏడురోడ్ల కూడలికి సిగ్నల్

గత పాఠంలో చేసిన టైమరు దగ్గర పెట్టుకోండి, దాని టిక్కులు ఇవాళ కావాలి. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి కాగితం మీద మనమే సిగ్నల్ కంట్రోలర్ చేద్దాం. ఆటోలవాళ్లు దాని మాట వింటారా అని మాత్రం నన్నడక్కండి.

ఒక్కో రోడ్డుకి ముందు పచ్చ, తర్వాత పసుపు. అంతసేపూ మిగతా ఆరింటికీ ఎరుపు. ఏడు రెళ్లు 14 స్థితులు. 3 బిట్లలో 8 స్థితులే పడతాయి కాబట్టి 4 బిట్లు, అంటే 4 ఫ్లిప్‌ఫ్లాపులు (ఒక్కోటీ ఒక్క బిట్‌ని గుర్తుంచుకునే సర్క్యూట్) కావాలి. చిప్పుల్ని వర్ణించే భాష వెరిలాగ్‌లో 0 నుంచి 13 దాకా కేస్ (ఏ స్థితిలో ఏం చేయాలో చెప్పే జాబితా) రాసి, టిక్ వచ్చినప్పుడల్లా తర్వాతి స్థితికి పంపండి. 13 తర్వాత మళ్లీ 0.

అసలు చిక్కు ఇక్కడే. 4 బిట్లకి 16 స్థితులు కదా, 14, 15 ఎవరివి? రీసెట్ సరిగా పడక చిప్పు ఆ రెండింట్లో ఒకదానిలోకి వెళ్లిందంటే, డిఫాల్ట్ (జాబితాలో లేని స్థితి వస్తే ఏం చేయాలో చెప్పే వరస) రాయనిచోట అక్కడే బిగుసుకుపోతుంది. లైట్లు తేల్చే కేస్‌లో డిఫాల్ట్ మరిచిపోతే ఇంకో తంటా: మనం రాసిన కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే యోసిస్ అనే పనిముట్టు, పాత విలువను పట్టి ఉంచడానికి అడక్కుండానే లాచ్ అనే అదనపు మెమరీ ముక్క పెట్టేస్తుంది. అందుకని రెండుచోట్లా డిఫాల్ట్ రాయండి. లైట్లన్నీ ఎరుపు, తర్వాతి స్థితి 0.

రాశాక నమ్మేయకండి, పరీక్షించండి. చిప్ డిజైన్లని పరీక్షించే కొకోటీబీ (cocotb) అనే పనిముట్టుతో పైథాన్‌లో టెస్టు రాసి, స్థితిలోకి బలవంతంగా 15 తోసి, అన్నీ ఎరుపయ్యాయా, ఒక టిక్ తర్వాత 0కి వచ్చిందా చూడండి. కింద ఐకారస్ వెరిలాగ్ అనే సిమ్యులేటర్ (డిజైన్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపేది) నడుస్తుంది. దేనికీ పైసా కట్టక్కర్లేదు.

ఈ కొకోటీబీని మొదట ఒక కంపెనీ వాళ్లే తయారుచేశారు. ఇప్పుడు దాని బాగోగులు ఫాసీ (FOSSi) ఫౌండేషన్ గొడుగు కింద సాగుతున్నాయి. బ్రిటన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ అది. ఓపెన్ సోర్స్ చిప్ డిజైన్ మీద ఓఆర్‌కాన్ఫ్ సదస్సు జరుపుతుంది, కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో విద్యార్థులకి గురువుల్ని చూపిస్తుంది. రాజాంలోనో ఎచ్చెర్లలోనో చదివే పిల్లలు అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇలాంటి సంస్థలు ఎందుకు ముఖ్యమో 2025లో తెలిసొచ్చింది. చిన్న డిజైన్లని పోగుచేసి ఫ్యాబ్‌కి, అంటే చిప్పుల ఫ్యాక్టరీకి, పంపే ఈఫ్యాబ్లెస్ కంపెనీ ఆ ఏడు మూతపడింది. చిప్పుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. కానీ స్కైవాటర్ అనే చిప్ తయారీ కంపెనీ 130 నానోమీటర్ల పీడీకే (ఆ ఫ్యాక్టరీకి తగ్గట్టు చిప్ గీయడానికి కావాల్సిన కొలతలు, నియమాల కట్ట) 2020లోనే అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటికొచ్చింది, అది ఎవరూ వెనక్కి తీసుకోలేనిది. నేర్చుకునేవాడి చేతిలో పనిముట్లు మిగిలాయి.

ఇక సింథసిస్, అంటే కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చడం. యోసిస్‌లో పెట్టి లెక్క చూస్తే, 4 ఉండాల్సిన చోట 14 ఫ్లిప్‌ఫ్లాపులు కనబడొచ్చు. బెదిరిపోకండి. ఇది స్టేట్ మెషిన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి నడిచే సర్క్యూట్) అని యోసిస్ పసిగట్టి, ఒక్కో స్థితికి ఒక్కో ఫ్లిప్‌ఫ్లాపు చొప్పున మార్చి రాసింది, అంతే. అయితే ఆ మార్పులో, చేరే దారి లేని స్థితులంటూ 14, 15లని వదిలేస్తుంది. మనం అంత జాగ్రత్తగా రాసిన డిఫాల్ట్ కూడా వాటితోపాటే పోతుంది! సిమ్యులేషన్‌లో పాసైన టెస్టుకి ఈ సంగతి తెలియదు. యోసిస్‌లోని సింథ్ ఆదేశానికి, ఆ మార్పు చేయొద్దని చెప్పే నోఎఫ్‌ఎస్‌ఎం (-nofsm) ఆప్షన్ తగిలించి మళ్లీ నడపండి, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంటిపని: పసుపు తర్వాత ఒక్క టిక్‌సేపు అన్ని రోడ్లకీ ఎరుపు ఉండాలి. ఇప్పుడు స్థితులెన్ని, బిట్లెన్ని, ఎవరివీ కాకుండా మిగిలేవి ఎన్ని? జవాబు చేతిలో ఉంటేనే 5వ పాఠానికి రండి.