అండమాన్ రీఫ్ (పగడాల దిబ్బ) సర్వేకి పోయే మన తిరుపతి బ్యాచ్‌కి, బయల్దేరేముందు

సగం మంది మొదటిసారి సముద్రంలో దిగేవాళ్ళే, అందుకే రాస్తా ఉండా.

ఆఖరి స్కూబా డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్ తీస్కోండి. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్, పైకెళ్ళి గాలి ఒత్తిడి తగ్గేసరికి బుడగలు కడుతుంది, కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా పోవచ్చు. పాండిచ్చేరిలో ప్రాక్టీస్ డైవ్ చేసొచ్చి అదే రాత్రి తిరుమల కొండెక్కడం కూడా వద్దు, అది 800 మీటర్ల పైనే ఉంది. ఉత్త స్నార్కెల్ (ఊపిరి పీల్చే గొట్టం) తో పైపైన ఈదేవాళ్ళకి ఈ బాధ లేదు.

పగడం మీద కాలు పెట్టొద్దు, కాళ్ళకి తొడిగే ఫిన్ తగలనీయొద్దు. బండరాయిలా ఉండే రకాలు ఏడాదికి పెరిగేది సుమారు సెంటీమీటరే. ముందే ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో కదలకుండా తేలడం నేర్చుకోండి, ప్లీజ్.

చచ్చిన పగడం ముక్కైనా బ్యాగులో వేస్కోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుద్ది.

కోన్ ఆకారం గవ్వని ముట్టుకోవద్దు, లోపల ప్రాణి బతికుంటే విషం, మనిషిని చంపే రకం కూడా ఉంది.

సర్వేలో చేపల్ని లెక్కపెట్టేది నీళ్ళడుగున పరిచిన కొలత టేపుకి అటూఇటూ రెండున్నర మీటర్ల లోపలే. చిలక చేప పగడాన్ని కొరుకుతుంటే కరకరమని నీళ్ళలో బాగా వినిపిస్తుంది, ఆశగా ఉంటది గానీ దాని వెంట పోయి టేపు వదిలేయకండి. ఒక్కటీ కనపడకపోతే సున్నా వేయండి, గడి ఖాళీగా ఉంటే అసలు చూడలేదని అనుకుంటారు.

నీళ్ళలో రాయడానికి పెన్ను పనికిరాదు, పెన్సిల్ రెండు పెట్టుకోండి.

సన్‌స్క్రీన్ బదులు ఫుల్ హ్యాండ్స్ స్విమ్ టీషర్ట్, కొన్ని క్రీముల్లో కెమికల్స్ పగడాలకి పడవు.