బిడ్డకు 18 నిండాక అమ్మానాన్నల సంతకం చెల్లాలంటే

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న బిడ్డను ఇంట్లో చూసుకునేవాళ్లకు అసలు చిక్కు చాలాసార్లు బ్యాంకులో ఎదురవుతుంది. 18 నిండితే చట్టం దృష్టిలో బిడ్డ మేజర్. కన్నవాళ్లమే అయినా వాడి తరఫున సంతకం పెట్టే హక్కు మనకు ఉండదు. కౌంటర్లో "అబ్బాయినే వచ్చి సంతకం పెట్టమనండి" అంటారు.

దీనికి కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్, ట్రస్టులో నమోదైన ఒక స్వచ్ఛంద సంస్థ, ఒక దివ్యాంగుడు కలిసిన స్థానిక కమిటీ లీగల్ గార్డియన్‌ను, అంటే బిడ్డ తరఫున సంతకం పెట్టే చట్టబద్ధ సంరక్షకుణ్ని, నియమిస్తుంది. అయితే పై నాలుగు వైకల్యాలకే. స్కిజోఫ్రీనియా, మతిమరుపు జబ్బు, కోమా లాంటివి ఈ కమిటీ పరిధిలోకి రావు.

17వ ఏటే కాగితాలు సర్దుకోండి, 18 నిండగానే దరఖాస్తు ఇవ్వండి. కావాల్సినవి: ఫారం-ఎ, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ లేదా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, బిడ్డ పుట్టినతేదీ రుజువు, అందరి ఆధార్, చిరునామా రుజువు, ఫొటోలు. ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల శాఖ సహాయ సంచాలకుల ఆఫీసులో, తెలంగాణలో జిల్లా సంక్షేమాధికారి ఆఫీసులో అడగండి. ఫైలు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగి వచ్చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఫైలు వెనక్కి వచ్చేది చిన్న చిన్న తేడాల వల్లే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, సదరంలో ఒక్క అక్షరంగా ఉంటుంది. ముందు దాన్ని సరిచేయించండి. సర్టిఫికెట్ తాత్కాలికమైతే గడువు చూసుకోండి. వైకల్యం రకం దగ్గర ఏం రాశారో మరీ ముఖ్యం: సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఉత్త "శారీరక వైకల్యం" అని రాసి ఉంటే కమిటీ దగ్గర పేచీ వస్తుంది. అమ్మానాన్నలు ఇద్దరూ కలిసే దరఖాస్తు చేయాలి. ఒక్కరే చేస్తే రెండోవారి మరణ ధ్రువపత్రమో, విడాకుల తీర్పో, విడిగా ఉంటున్నట్టు రుజువో జతచేయాలి. విడిచిపెట్టి వెళ్లిపోయిన భర్త సంతకం కోసం తిరగాల్సిన పని లేదన్నమాట.

సర్టిఫికెట్ వచ్చాక చాలామంది బీరువాలో పెట్టి మరిచిపోతారు. నియమించిన 6 నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితాను ఫారం-సిలో, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోగా, అంటే జూన్ 30 లోపు, లెక్కలను ఫారం-డిలో కమిటీకి ఇవ్వాలి. ఆస్తి దుర్వినియోగమైందని ఫిర్యాదు వస్తే గార్డియన్‌ను తొలగించే అధికారం కమిటీకి ఉంది. ఆస్తి మీద కన్నేసిన బంధువులుంటే ఈ లెక్కలే మీకు అండ.

చూసుకునేవాళ్లకు దక్కే మిగతా వాటిలో నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాను ముందు తీసుకోండి. ఆ నాలుగు వైకల్యాలకే, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందస్తు వైద్య పరీక్ష ఉండదు, థెరపీ ఖర్చులూ వస్తాయి. ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకోవాలి కాబట్టి అసలు బిల్లులు దాచండి. ఆదాయపు పన్నులో పాత విధానంలో ఉంటే దివ్యాంగుడైన బిడ్డ పోషణకు (1961 చట్టంలో ఇది 80డీడీ సెక్షన్) 40 శాతం వైకల్యం నుంచి రూ.75,000, 80 శాతం, ఆపైన ఉంటే రూ.1,25,000 ఆదాయంలోంచి తగ్గింపు ఉంటుంది. ఎంత ఖర్చయిందన్నదానితో దీనికి పని లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే దివ్యాంగుడైన బిడ్డను చూసుకుంటున్నామని కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు చూపి సాధారణ బదిలీ నుంచి మినహాయింపు అడగొచ్చు. రైల్లో మేధో వైకల్యం ఉన్నవారితోపాటు తోడు వెళ్లే ఒకరికీ రాయితీ ఉంది.

థెరపీకి, తల్లిదండ్రుల శిక్షణకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ దగ్గరి దారి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పెట్టుకెళ్లండి.