తవ్వని షేల్ గ్యాస్‌ను అంచనా కట్టే ముందు

* షేల్ గ్యాస్ అంటే షేల్ అనే పొరల రాతిలో చిక్కుకున్న సహజవాయువు. మీరు చెప్పే అంకె దేనిదో ముందు తేల్చుకోండి. రాతిలో ఉన్న మొత్తం గ్యాస్, నేటి టెక్నాలజీతో తీయగలిగింది, ఖర్చులు పోను గిట్టుబాటయ్యేది: మూడూ వేర్వేరు. బావులే లేనిచోట ‘నిల్వలు’ (గిట్టుబాటుగా తీయగలమని తేలినవి) అనే మాట వాడొద్దు.

* వేరే బేసిన్ (అవక్షేప శిలలు పేరుకున్న ప్రాంతం) నుంచి రికవరీ శాతం (ఉన్న గ్యాస్‌లో బయటికి తీయగలిగిన వంతు) అరువు తెస్తున్నారా? అసలు ప్రమాదం ఇక్కడే. రాతి పొర మందం, లోతు, సేంద్రియ కార్బన్, పరిపక్వత (గ్యాస్ తయారయ్యేంతగా రాయి వేడెక్కిందా లేదా), పీడనం, బంకమట్టి శాతం అన్నీ పోల్చి చూడాలి. పోలండ్‌నే తీసుకోండి. 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ అక్కడ 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్లు తీయవచ్చంది. మరుసటి ఏడాది పోలండ్ భూగర్భ సంస్థ మాత్రం 34,600 కోట్ల నుంచి 76,800 కోట్ల ఘనపు మీటర్ల మధ్య ఉండే అవకాశమే ఎక్కువని చెప్పింది. అంత తేడా!

* మొదటి బావులు సాధారణంగా మంచి చోట్లే పడతాయి. వాటి సగటును ప్రాంతమంతటికీ రుద్దకండి. కొన్ని నెలల ఉత్పత్తి చూసి ముప్పై ఏళ్ల లెక్క గీయడం నాకు అస్సలు నచ్చదు. తొలి ఏడాదే దిగుబడి బాగా పడిపోతుంది.

* ఊళ్లు, చెరువులు, రక్షిత అడవుల విస్తీర్ణం లెక్కలోంచి తీసేయండి.

* ఒక్క అంకె ఇవ్వకండి. కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం మూడూ ఇవ్వండి.