పెద్దాసుపత్రికి ఊరివాళ్లు వచ్చినప్పుడు

కర్నూలులో కాపురముంటే ఊరి నుంచి ఈ ఫోన్ తప్పదు. "అక్కా, అమ్మను పెద్దాసుపత్రికి తెస్తున్నాం, నువ్వుంటావు కదా?" ఆదోని నుంచి, నంద్యాల నుంచి, గద్వాల నుంచి కూడా వస్తారు, వాళ్లకు ఇక్కడ తెలిసిన మనిషి మనమొక్కరే. ఒక ఏప్రిల్‌లో వారంలో మూడుసార్లు వెళ్లాను, మూడోసారి ఏమీ తినకుండా ఓపీ లైన్లో నిలబడి కళ్లు తిరిగి కూలబడితే, చూపించుకోవడానికి వచ్చిన పెద్దమ్మే నాకు నీళ్లు తాగించింది. వెళ్లడం మానలేదు, పద్ధతి మార్చుకున్నాను.

ముందు ఫోన్‌లోనే అన్నీ అడగండి. గుండెనొప్పి, మూతి వంకరపోవడం లాంటివైతే మీ కోసం ఆగొద్దని, వెంటనే 108కి చేయమని చెప్పండి. లేకపోతే పాత చీటీలు, రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు, ఆధార్, రేషన్ కార్డు ఒక సంచిలో పెట్టుకుని రమ్మనండి. మీరు ఎంతసేపు ఉండగలరో కూడా అప్పుడే చెప్పేయాలి: "పన్నెండు దాకా నేనుంటా, తర్వాత తమ్ముడుండాలి, రాత్రి నావల్ల కాదు." మొహమాటపడి ఒప్పుకుని, తర్వాత జబ్బు మనిషి ముందు విసుక్కుంటే ఆమెకు ఇంకా కష్టం.

ఇంట్లో కాస్త ఉగ్గాని అయినా తినే బయల్దేరండి. మజ్జిగ సీసా మర్చిపోవద్దు, మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి.

డబ్బు విషయంలో నెలకు ఇంత అని విడిగా పెట్టుకోండి, అది అయిపోతే అయిపోయిందని చెప్పండి. రక్తం అడిగినా అంతే, ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి, ఈలోపు ఎవరైనా అడిగితే ఇవ్వగలిగిన ఇంకో ఇద్దరికి ఫోన్ చేసిపెట్టండి.

నిజంగా ఎక్కువ ఉపయోగపడేది మందుల దగ్గర. చదువురాని వాళ్లకు చీటీ చేతిలో పెట్టి పంపిస్తే ఇంటికెళ్లాక ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలియక అన్నీ కలిపేస్తారు, అందుకే మందులిచ్చే వాళ్లను అడిగి ఒక్కో కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు గీస్తాను, తినకముందా తిన్నాకా అన్నది వాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను. పది నిమిషాల పని.

వార్డులో చూసినవి రాత్రిళ్లు నిద్రపట్టనివ్వకపోతే లోపలే దాచుకోవద్దు. 14416కి చేయండి, అది మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను టెలీమానస్, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. తర్వాతి వారం ఫోన్ వస్తే "ఈసారి నేను రాలేను, మా ఆడబిడ్డ వస్తుంది" అని చెప్పండి.