ఐరిష్ ఊళ్లో సంగీతం వినడానికి ఎలా వెళ్లాలి? ఎన్నిస్‌లో ఒక సెషన్ రాత్రి

నేను లిమరిక్‌లో ఉంటాను. అక్కడి నుంచి ఎన్నిస్ రైల్లో సుమారు 40 నిమిషాలు. మొదటిసారి అక్కడ పబ్‌లో ఐరిష్ సంగీతం వినడానికి వెళ్లినప్పుడు లోపలంతా జనం. ఓ మూల మాత్రం ఒక బెంచీ, నాలుగు స్టూళ్లు ఖాళీగా ఉన్నాయి. అదృష్టం అనుకుని వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి ఒక పెద్దాయన ఫిడేలు పెట్టె పట్టుకుని వచ్చి, ఏమీ అనకుండా నా పక్కనే నిలబడ్డాడు. బార్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి, అది వాయించేవాళ్ల చోటని మెల్లగా చెప్పింది. లేచి గోడ పక్కన నిలబడ్డాను. ఆ రాత్రి ఏం వాయిస్తున్నారో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో ఏమీ తెలియలేదు. కానీ ఆ సంగీతం మాత్రం వారం రోజులు చెవుల్లోంచి పోలేదు.

ఐర్లాండ్‌లో చదువుకోడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు చాలామంది మోహర్ క్లిఫ్స్ చూసి, డబ్లిన్‌లో టెంపుల్ బార్ దగ్గర ఫోటో దిగి, సంగీతం కూడా అయిపోయిందనుకుంటారు. అసలు సంగీతం చిన్న ఊళ్లలో ఉంది. దాన్ని వినడానికి ఎలా వెళ్లాలో చెబుతాను.

ముందు సెషన్ అంటే ఏమిటో తెలుసుకోండి

మన ఊళ్లలో రామాలయం దగ్గర శనివారం భజన గుర్తుందా? స్టేజీ ఉండదు, టికెట్ ఉండదు. హార్మోనియం ముందు ఒకాయన కూర్చుంటాడు, మిగతావాళ్లు చుట్టూ చేరతారు. ఎవరో ఎత్తుకుంటే అందరూ అందుకుంటారు. వినేవాళ్లు ఉన్నా లేకపోయినా భజన ఆగదు. ఐరిష్ సెషన్ కూడా దాదాపు అంతే. వాయించేవాళ్లు ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చుంటారు. కొందరి వీపు మీ వైపే ఉంటుంది, అందుకు ఏమీ అనుకోకండి. చాలా చోట్ల సెషన్ నడిపించడానికి ఇద్దరు ముగ్గురికి పబ్ వాళ్లు డబ్బులిస్తారు. మిగతావాళ్లు ఇష్టంతో వచ్చినవాళ్లే.

ఇది బుర్రలోకి ఎక్కితే మిగతా మర్యాదలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఊరు, రోజు ఎంచుకోండి

నా ఓటు ఎన్నిస్‌కే. క్లేర్ కౌంటీకి ముఖ్య పట్టణం, జనాభా సుమారు 28,000. ఫెర్గస్ నది పక్కన ఇరుకు సందులు, రంగురంగుల షాపులు. కిల్‌ఫెనోరా, టల్లా అనే రెండు పేరున్న కేలీ బ్యాండ్లు ఈ కౌంటీవే. కేలీ అంటే డాన్సుతో కలిసిన సంగీత సభ. క్లేర్ అనగానే ఐర్లాండ్‌లో ఎవరికైనా ముందు కన్సర్టీనా, అంటే రెండు చేతుల మధ్య పట్టుకుని వాయించే చిన్న తిత్తి వాద్యం, గుర్తొస్తుంది. ఏటా మే నెలలో ఎన్నిస్‌లో ఫ్లా నువా అనే జానపద సంగీత ఉత్సవం జరుగుతుంది, 1974 నుంచీ ఈ ఊళ్లోనే. దేశమంతా కదిలొచ్చే ఫ్లా కియోల్ కూడా 2016, 2017లో ఇక్కడే జరిగింది.

ఎన్నిస్ నుంచి పడమటి తీరం వైపు వెళ్తే డూలిన్, మిల్‌టౌన్ మాల్బే ఉన్నాయి. మిల్‌టౌన్ మాల్బేలో 1973 నుంచి ప్రతి జులై మొదట్లో విల్లీ క్లాన్సీ పేరుతో వేసవి పాఠశాల నడుస్తోంది. విల్లీ క్లాన్సీ ఆ ఊరి పైపర్, అంటే పైప్స్ అనే తిత్తి వాద్యం వాయించేవాడు. ఆ వారం ఊరు ఊరంతా వాయిస్తుంది, కాబట్టి గది దొరకడం చాలా కష్టం. డూలిన్ టూరిస్టుల ఊరు. సంగీతం బాగుంటుంది కానీ వేసవిలో నిలబడడానికి కూడా చోటుండదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు పండగ రోజులు కాకుండా వారం మధ్యలో ఏదో ఒక మామూలు రాత్రి చూసుకోండి. శనివారం రాత్రి పబ్‌లో మాటల హోరు ఎక్కువ. మంగళవారమో బుధవారమో అయితే ఫ్లూట్ ఊపిరి కూడా వినిపిస్తుంది.

ఏ రోజు ఎక్కడో తెలుసుకోవడం తేలిక. పబ్‌ల ఫేస్‌బుక్ పేజీల్లో పెడతారు, కిటికీకి కాగితం అంటిస్తారు. ఇంకా మంచి దారి కస్టీస్ అనే సంగీత వాద్యాల షాపు. పగలు అక్కడికి వెళ్లి, ఈ రాత్రి ట్యూన్లు ఎక్కడున్నాయని అడగండి. టికెట్ కచేరీలు, అప్పుడప్పుడూ జాజ్ కూడా వినాలంటే గ్లోర్ అనే ఆర్ట్స్ సెంటర్ ఉంది. 2001లో తెరిచారు.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి

ఇక్కడే చాలామంది ఇబ్బంది పడతారు. సెషన్లు మామూలుగా రాత్రి 9 లేదా 9:30కి మొదలవుతాయి, అప్పటికి రైళ్లు దాదాపు అయిపోతాయి. గాల్వే, లిమరిక్, కార్క్ ఊళ్లను కలిపే 51 నంబర్ బస్సు ఎన్నిస్ మీదుగా పోతుంది. దాని రాత్రి టైమింగ్స్ బయల్దేరే ముందే చూడండి. లేదా ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి. బస్సు టైమ్ అవుతోందన్న టెన్షన్‌తో సంగీతం వినడం అసలు వినడమే కాదు.

లోపలికి వెళ్లాక

వాద్యాల పెట్టెలున్న మూల, గోడవారన ఖాళీ బెంచీ కనిపిస్తే అది వాళ్లది. దానికి రెండు బల్లల అవతల కూర్చోండి. వినేవాళ్లకు అదే మంచి చోటు.

ఆర్డర్ కౌంటర్ దగ్గరికి వెళ్లి మనమే ఇవ్వాలి, అప్పుడే డబ్బులు కట్టాలి. టిప్ ఇవ్వాలన్న పట్టింపు లేదు. మందు తాగని వాళ్లు మొహమాటపడక్కర్లేదు. టీ అడగండి, సోడా నీళ్లలో బ్లాక్‌కరెంట్ అనే పండ్ల సిరప్ అడగండి, ఎవరూ వింతగా చూడరు. రాత్రంతా ఒక్క గ్లాసుతో చోటు ఆపుకోవడం మాత్రం బాగుండదు, మధ్యలో ఇంకోటి తీసుకోండి. శాకాహారులకు ఒక మాట: టోస్టెడ్ స్పెషల్ అనే శాండ్‌విచ్‌లో హామ్, అంటే పంది మాంసం ఉంటుంది, చౌడర్ అంటే చేపల సూప్. కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ ఉన్నాయేమో అడగండి. వంటగది చాలా చోట్ల రాత్రి 9కే మూసేస్తారు.

పిల్లలతో వెళ్తుంటే చట్టం గుర్తుంచుకోండి. 18 ఏళ్లలోపు వాళ్లు రాత్రి 9 తర్వాత పబ్‌లో ఉండకూడదు, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఆదివారం మధ్యాహ్నం సెషన్లు మేలు. పొగ భయం లేదు, 2004 మార్చి నుంచి పబ్‌ల లోపల సిగరెట్ నిషేధం. దేశమంతటా పని చోట్ల పొగ మాన్పించిన మొదటి దేశం ఐర్లాండే.

ఇక వినడం

ముందుగా ఒక మాట తేడా. వాద్యాల మీద వాయించేది ట్యూన్, మాటలుంటేనే సాంగ్. వాయించినదాన్ని సాంగ్ అంటే వాళ్లు ఏమీ అనరు కానీ, ట్యూన్ అన్నారంటే వాళ్ల ముఖం వెలుగుతుంది.

తాళం పట్టుకుంటే సగం పని అయినట్టే. ఇందులో మనకు ఇంటి నుంచి తెచ్చుకున్న సొత్తు ఉంది. బల్ల కింద, తొడ మీద వేళ్లతో మెల్లగా వేసి చూడండి. తకిట తకిట అని నడిస్తే అది జిగ్ అనే రకం ట్యూన్. తకధిమి తకధిమి అని ఉరికితే రీల్. తకిట మూడుసార్లకు ఒక చుట్టు తిరిగితే స్లిప్ జిగ్. హార్న్‌పైప్‌కి రీల్ లాగే నాలుగు లెక్క, కానీ ఊగుతూ నింపాదిగా పోతుంది. నాకు ఈ సంగతి తట్టింది మూడో రాత్రి. అంతవరకు అన్నీ ఒకేలా వినిపించినవి ఒక్కసారిగా విడివిడిగా కనిపించాయి.

ట్యూన్‌కి మామూలుగా రెండు భాగాలు. ఒక్కోటి 8 బార్లు (తాళపు చుట్లు), రెండేసి సార్లు, మొత్తం 32. రెండో భాగం చాలాసార్లు మన చరణంలాగే పై స్థాయికి ఎక్కుతుంది. ఇలా రెండు మూడు సార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి వెళ్తారు. అలా కలిసిన రెండు మూడు ట్యూన్లను సెట్ అంటారు. ఒక ట్యూన్ నుంచి ఇంకోదానిలోకి వెళ్లే ఆ క్షణం కోసం కాచుకోండి. ఫిడేలు వాయిస్తున్నావిడ తల ఎత్తి ఎదుటి కన్సర్టీనా అబ్బాయిని చూస్తుంది. ఎవరో "హప్!" అంటారు. కొత్త ట్యూన్ మొదటి నాలుగు స్వరాలు ఆవిడ ఒక్కతే వాయిస్తుంది, ఐదో స్వరానికి అందరూ పక్కనే ఉంటారు. ముందు కాగితం ఉండదు, లెక్క చెప్పేవాళ్లు ఉండరు.

శాస్త్రీయ సంగీతం కొంచెం తెలిసినవాళ్లకు ఇంకో ఆనందం ఉంది. ఈ ట్యూన్లలో ఎక్కువ భాగం శంకరాభరణం స్వరాల్లో నడుస్తాయి. కొన్ని ఖరహరప్రియ, కొన్ని హరికాంభోజి స్వరాలు. మన గమకం ఇక్కడ ఉండదు, దాని బదులు స్వరాన్ని పక్క స్వరాలతో చటుక్కున చుట్టే రోల్ ఉంటుంది. ముత్తుస్వామి దీక్షితులు నొట్టు స్వరాలు కూర్చడానికి తీసుకున్న బాణీల్లో ఐరిష్, స్కాటిష్ ట్యూన్లు కూడా ఉన్నాయి. ఈ పరిచయం ఇప్పటిది కాదు.

వాద్యాల్లో రెండింటిని దగ్గరగా చూడండి. ఒకటి బౌరాన్. మేకతోలు బిగించిన గుండ్రటి వాద్యం, చూపుకి మన డప్పుకి చుట్టంలా ఉంటుంది. ఒకే చిన్న పుల్లతో, దాని రెండు కొనలతో వాయిస్తారు. కిటుకంతా రెండో చేతిలో ఉంది. అది తోలు వెనక దాగి, నొక్కుతూ వదులుతూ శబ్దాన్ని లావుగా, సన్నగా మారుస్తుంటుంది. ముందు పుల్లను కాకుండా వెనక చేతిని చూడండి.

రెండోది ఇలియన్ పైప్స్. ఐరిష్ భాషలో ఇలియన్ అనే మాటకు మోచెయ్యి అని అర్థం. ఒక మోచేతి కింద కొలిమి తిత్తిలాంటిది, ఇంకో మోచేతి కింద గాలి సంచి. నోటితో ఊదే పనే లేదు. మన వీధి నాటకాల్లో శ్రుతి పట్టే తిత్తిని చూసినవాళ్లకు ఇది వెంటనే దగ్గరవుతుంది. ఈ పైపింగ్‌ని 2017లో యునెస్కో మానవ వారసత్వ జాబితాలో చేర్చింది.

చప్పట్లు సెట్ అయ్యాకే. తాళానికి తగ్గట్టు చప్పట్లు కొడితే వాయించేవాళ్లకు లయ చెదురుతుంది, ఎందుకంటే గదికి ఆ మూల నుంచి చప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. కాలు కదపండి, చాలు. వీడియో తీయాలంటే ముందు అడగండి. ఫోన్ లైటు వాళ్ల ముఖం మీద వేయకండి.

ఒక్కోసారి మధ్యలో ఎవరో పాట అందుకుంటారు. వాద్యం లేకుండా, ఒంటరిగా, కళ్లు మూసుకుని. ఐరిష్‌లో పాడితే దాన్ని షాన్ నోస్ అంటారు, అంటే పాత పద్ధతి. అప్పుడు బార్ కౌంటర్ దగ్గర కూడా మాటలు ఆగిపోతాయి. మీరూ గ్లాసు కింద పెట్టి, ఊపిరి చప్పుడు కూడా రాకుండా వినండి. ఒక్క మాట అర్థం కాకపోయినా నాకు గొంతు పట్టేసిన రాత్రులున్నాయి.

మీరూ వాయించాలనుకుంటే

ముందు రెండు మూడు వారాలు ఊరికే వినండి. తర్వాత విరామంలో సెషన్ నడిపే మనిషిని అడగండి. ట్యూన్ తెలిస్తేనే వాయించాలి, తెలియనప్పుడు వాద్యం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం తప్పేమీ కాదు. తాళ వాద్యం ఒకటి చాలు, రెండో బౌరాన్‌కి చోటుండదు. కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నవాళ్లు తంతులు వేరుగా శ్రుతి చేయాలి. ఇక్కడ జి, డి, ఎ, ఇ. కింద కూర్చుని కాలికి ఆనించి కాకుండా, కుర్చీలో భుజం మీద పెట్టుకుని వాయించాలి. చెయ్యి అలవాటుపడటానికి కొన్నాళ్లు పడుతుంది.

ఏమీ రానివాళ్లకు టిన్ విజిల్ ఉంది. చవక, ఆరు రంధ్రాలే, డి శ్రుతిది కొనండి. ఇక్కడి బడిపిల్లలు చాలామంది దాంతోనే మొదలుపెడతారు. 1951లో పుట్టిన కోల్తస్ అనే సంస్థ శాఖలు దేశమంతా తరగతులు నడుపుతాయి. కొత్తవాళ్ల కోసం నెమ్మదిగా వాయించే స్లో సెషన్లూ ఉంటాయి. మన పిల్లల్ని అక్కడ చేర్పించమని నేను గట్టిగా చెబుతాను. బడిలో, వీధిలో, ఇంకెక్కడా దొరకని స్నేహాలు ఆ గదిలో దొరుకుతాయి.

జాజ్ రాత్రి అయితే పద్ధతి వేరు

జాజ్‌లో చప్పట్లు మధ్యలోనే కొడతారు. ముందు అందరూ కలిసి అసలు బాణీ వినిపిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ మన కల్పన స్వరాల్లా అప్పటికప్పుడు అల్లుతారు. ఒకరిది అయిపోగానే చప్పట్లు పడాలి, పడకపోతే బాగాలేదేమో అనుకుంటారు. చివర్లో డ్రమ్స్, సాక్సఫోన్ నాలుగేసి బార్లు పంచుకుంటూ జవాబు చెప్పుకుంటే, తని ఆవర్తనం విన్న చెవులకు అది కొత్తగా ఉండదు.

డబ్లిన్‌లో ఉన్నవాళ్లకు దగ్గరది బ్రే. డార్ట్ అనే లోకల్ రైలెక్కితే సముద్రం పక్కనే దిగుతారు. అక్కడ 2000లో మొదలైన జాజ్ ఉత్సవం మే నెల మొదట్లో వచ్చే బ్యాంక్ హాలిడే (సోమవారం సెలవు) వారాంతంలో పెడతారు. పెద్దది చూడాలంటే కార్క్ నగరం. అక్టోబర్ చివరి సోమవారం సెలవు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆ వారాంతం గదులు నింపడానికి మెట్రోపోల్ హోటల్ అక్కడి జాజ్ ఉత్సవాన్ని 1978లో మొదలుపెట్టింది. రెండేళ్లకే ఎల్లా ఫిట్జెరాల్డ్ వచ్చి పాడారు. పెద్ద కచేరీలకు టికెట్, పబ్‌లలో చాలావరకు ఉచితం. గదులు నింపడానికి పుట్టిన పండగకి ఇప్పుడు గదులే దొరకవు, వేసవిలోనే బుక్ చేసుకోండి. కార్క్‌లో దొరక్కపోతే మాలోలోనో మిడిల్టన్‌లోనో చూడండి. రెండూ అరగంట రైలు దూరమే, చివరి రైలు ఎన్నింటికో మాత్రం కనుక్కుని వెళ్లండి.