పిలకాయలకు స్ట్రెప్ గొంతు నొప్పి: పది రోజుల మందు పూర్తి చేయించడం ఎలా?

నెల్లూరు పొగతోటలో మందుల షాపు కౌంటరు వెనక ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్నాను. గొంతు నొప్పికి రాసిన యాంటీబయాటిక్ సీసాలు నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్క లేదు. వాటిని పది రోజులూ తాగించిన ఇళ్ళు ఎన్నని అడిగితే మాత్రం వేళ్ళ మీద చెప్పేస్తాను. డాక్టరు సరిగ్గానే రాస్తాడు, మేం సరిగ్గానే ఇస్తాం, ఇంటికెళ్ళాక మూడో రోజు అంతా చెడిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

టార్చి (ఫోన్‌ది చాలు), థర్మామీటరు, సూది లేని 5 మి.లీ. సిరంజి, కాచి చల్లార్చిన నీళ్ళు, గోడ క్యాలెండరు, పెన్ను. క్యాలెండరు వంటింట్లోనే ఉండాలి, హాల్లో కాదు. ఫోన్ అలారం పనికిరాదు, దాన్ని నొక్కి ఆపేయడానికి మన వేలు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

గొంతు చూడండి

పిలకాయను కిటికీ దగ్గర కూచోబెట్టి నోరు తెరిచి 'ఆ' అనమనండి. స్పూన్‌తో నాలుక నొక్కొద్దు, వాంతి చేసుకుంటాడు. కొండనాలుకకు రెండు పక్కలా టాన్సిల్స్ ఎర్రగా ఉబ్బి, వాటి మీద తెల్లటి మచ్చలు ఉన్నాయా? జ్వరం ఉన్నట్టుండి వచ్చిందా? దవడ కింద బిళ్ళలు కట్టి, ముట్టుకుంటే నొప్పి అంటున్నాడా? గుటక వేయలేకపోతున్నాడా? ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఇవి ఉంటే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ (పొట్టిగా స్ట్రెప్) అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. కొందరికి దీంతో పాటు కడుపు నొప్పి, వాంతులు కూడా వస్తాయి. ఒంటి మీద గరుకు కాగితంలా ఎర్రటి పొక్కులు లేచినా ఇదే కుటుంబం.

ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోయి ఉంటే అది చాలావరకు వైరస్సే. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం అలాంటివే, వాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. చొంగ మింగలేకపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా, ఊపిరి కష్టమైనా ఇక ఏమీ చదవకండి, ఆసుపత్రికి పొండి.

డాక్టరుకు చూపించండి

'గొంతుకు ఏదో ఒకటి ఇవ్వన్నా' అని నేరుగా షాపుకు రావద్దు. కంటితో చూసి స్ట్రెప్ అని తేల్చడం డాక్టర్లకే కష్టం. గొంతులోంచి దూదిపుల్లతో తీసి చేసే పరీక్ష దొరికితే చేయించండి. ఏ.ఎస్.ఓ. రక్త పరీక్ష ఇప్పుడున్న గొంతు నొప్పిని తేల్చదు, ఆ మధ్య ఎప్పుడో స్ట్రెప్ వచ్చి పోయిందని మాత్రమే చెబుతుంది. ఆ కాగితం పట్టుకుని భయపడేవాళ్ళను వారానికొకరినైనా చూస్తాను.

ఇంతకుముందు పెనిసిలిన్ రకం మందుకు దద్దుర్లు, వాపు వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. పెనిసిలిన్, అమాక్సిసిలిన్ పాత మందులని చిన్నచూపు చూడొద్దు. ఈ బ్యాక్టీరియా పెనిసిలిన్‌కు లొంగకుండా పోవడం నేటికీ కనిపించలేదు. అజిత్రోమైసిన్ సంగతి అట్లా కాదు, దానికి లొంగని స్ట్రెప్ ఉంది. అయినా 'మూడు రోజుల మాత్రే మేలు' అంటూ దాన్నే అడుగుతారు. పెనిసిలిన్ పడనివాళ్ళకు డాక్టరు రాస్తే అది వేరే మాట.

పది రోజులు తాగించడం మీ ఇంట్లో కుదరదని మీకే తెలిస్తే ఆ మాట డాక్టరుతో చెప్పండి. బెంజథైన్ పెనిసిలిన్ అని పిరుదుకు ఒక్కసారి వేసే ఇంజెక్షన్ ఉంది, ఒక్కటే ఆ పది రోజుల పని చేస్తుంది. నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది.

మందు కలపండి

సీసాలో పొడి ఉంటుంది. ముందు సీసాను కుదిపి పొడిని వదులు చేయండి. సీసా మీది గీతకు సగం దాకా నీళ్ళు పోసి, మూత పెట్టి బాగా కుదపండి. నురగ దిగాక గీత దాకా పోసి మళ్ళీ కుదపండి. గీత దాటిందంటే మందు పలచబడినట్టే. వేసే ప్రతిసారీ సీసా కుదపాలి, సిరంజితోనే కొలవాలి. టీ స్పూన్ ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. మా ఇంట్లోనే మూడు రకాలున్నాయి.

మూడో రోజు దాటించండి

అసలు పని ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మూడో రోజున రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, జ్వరం దిగుతుంది. నిన్నటిదాకా గుటక పడని పిలకాయ చేపల పులుసు కావాలని అడుగుతాడు. రెండు, సీసా అయిపోతుంది. డాక్టరు పూటకు 5 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు రాశాడనుకోండి. రోజుకు 10, పది రోజులకు 100. చిన్న సీసాలో ఉండేది 30. మూడు రోజులకు అడుగు తేలుతుంది. బిడ్డ బాగున్నాడు, సీసా ఖాళీ అయింది, కాబట్టి కోర్సు అయిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. తప్పు వాళ్ళది కాదు, ఆ సీసా అట్లా నమ్మిస్తుంది.

అందుకని మొదటి రోజే లెక్క కట్టి అన్ని సీసాలూ తీసుకోండి. పై లెక్కకు నాలుగు కావాలి. నాలుగూ ఒకేసారి మాత్రం కలపొద్దు. కలిపిన మందు సాధారణంగా వారం రోజులే పనికొస్తుంది, మీ సీసా మీద ఎన్ని రోజులని ఉందో చూసుకోండి. కలపనివి పొడిగానే ఉండనిచ్చి, ఒకటి అయ్యాక ఇంకొకటి కలపండి. క్యాలెండరులో పది గడులు ఈ రోజు నుంచే గుర్తు పెట్టి, పూట పూటకు ఒక అడ్డగీత కొట్టండి. మందు పోసేది ఇంట్లో ఒక్క మనిషే అయ్యుండాలి. 'నువ్వు పోశావనుకున్నా' అనే మాట వల్ల తప్పిపోయిన పూటలు నాకు తెలిసి చాలా ఉన్నాయి. ఒక పూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి పూటకు రెండింతలు చేయొద్దు.

జ్వరం పోయాక ఇంకా ఎందుకంటే, స్ట్రెప్ గొంతు నొప్పి మందు వేయకపోయినా చాలామందికి నాలుగైదు రోజుల్లో తనంతట తనే తగ్గుతుంది. మనం పది రోజులు మందు పోసేది గొంతు కోసం కాదు, గుండె కోసం. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకు కొద్దిమంది పిల్లల్లో కీళ్ళవాతపు జ్వరం వస్తుంది. బ్యాక్టీరియా మీదికి లేచిన ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ళ మీద, గుండె మీద పడుతుంది. కీళ్ళు బాగవుతాయి. గుండె కవాటాలకు, ముఖ్యంగా ఎడమవైపు మైట్రల్ వాల్వుకు తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు సరైన మందు మొదలుపెడితే ఈ ముప్పును ఆపొచ్చు.

అట్లా గుండె కవాటం దెబ్బతిన్న ఒక అమ్మాయి, ఆ జ్వరం మళ్ళీ రాకుండా వేయించుకునే పెనిసిలిన్ ఇంజెక్షన్ కోసం 21 రోజులకోసారి మా షాపుకు వస్తుంది. చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చిందా అని ఒకసారి అడిగాను. 'గుర్తు లేదన్నా' అంది. ఆ గొంతు నొప్పి కూడా నాలుగు రోజుల్లో తగ్గిపోయే ఉంటుంది.

ఇక హోమియో సంగతి. మూడో రోజు సీసా ఖాళీ కాగానే జేజి బీరువాలోంచి తియ్య గుళికల డబ్బా బయటికొస్తుంది. బెల్లడోనా, మెర్క్ సాల్, హెపార్ సల్ఫ్, ఫైటోలక్కా. స్ట్రెప్‌కు స్ట్రెప్టోకాక్సినమ్ అని కూడా ఒకటి అమ్ముతారు. 'బలమైన మందులు పిల్లోడికెందుకు, ఇవి వేస్తే చేదూ లేదు, వేడీ చేయదు' అంటారు. చేదు లేని మాట నిజమే. హానిమన్ అనే జర్మన్ వైద్యుడు 1796లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన తెలుగు వాళ్ళకు దీని మీద మమకారం ఎక్కువ, గుడివాడ, రాజమండ్రి, కడపల్లో ప్రభుత్వ హోమియో కాలేజీలే ఉన్నాయి. డబ్బా మీద 30 అని రాసి ఉంటుంది చూడండి. ఒక చుక్క మందును తొంభై తొమ్మిది చుక్కల్లో కలిపి, అందులోంచి ఒక చుక్కను మళ్ళీ తొంభై తొమ్మిదిలో కలిపి, ఇట్లా ముప్పైసార్లు చేశారని అర్థం. పన్నెండు సార్లు దాటేసరికే అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. బ్యాక్టీరియాను చంపాలంటే ఏదో ఒకటి ఉండాలి కదబ్బా.

కోవూరు వైపు నుంచి వచ్చే ఒకావిడ, 'మా వాడికి గుళికలతోనే నాలుగు రోజుల్లో తగ్గింది, మీ పది రోజులెందుకు' అని నాతో గట్టిగా వాదించింది. తగ్గిన మాట నిజం. ఏమీ వేయకపోయినా ఆ నాలుగు రోజులకే తగ్గేది. గొంతు తగ్గడమే పరీక్ష అయితే హోమియో ఎప్పుడూ పాసవుతుంది, ఉప్పునీళ్ళు కూడా పాసవుతాయి. వాళ్ళబ్బాయికి తర్వాత కూడా ఏమీ కాలేదు. చాలామందికి ఏమీ కాదు, అందుకే ఆ నమ్మకం పోదు. స్ట్రెప్ వల్ల వచ్చే కీళ్ళవాతపు జ్వరాన్ని హోమియో ఆపుతుందనడానికి ఆధారం మాత్రం లేదు. నాకు తెలిసిన హోమియో డాక్టరు ఒకాయన ఇలాంటి గొంతు చూస్తే పిల్లల డాక్టరు దగ్గరికే పంపిస్తాడు. జేజి మనసు నొచ్చుకుంటుందంటే గుళికలు వేయనివ్వండి, నేను పోట్లాడను. సీసా మాత్రం ఆపొద్దు.

ఆ తర్వాత

మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, జ్వరం లేకుంటే బడికి పంపొచ్చు. హాస్టల్లో ఉండే పిల్లలైతే వార్డెన్ చేతికి సీసాతో పాటు క్యాలెండరు కాగితం కూడా ఇవ్వండి. గ్లాసు, టవలు వేరుగా పెట్టండి. బ్రష్షు రెండో రోజే మార్చేయండి, ఇది నా నియమం. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించడం నొప్పికి మంచిది. పెరుగన్నం మానక్కర్లేదు, గొంతు మండేవాడికి హాయిగా దిగేది అదే.

నెల రోజుల దాకా ఓ కన్నేసి ఉంచండి. మోకాలి నొప్పి చీలమండకు, అక్కణ్ణించి మోచేతికి మారుతున్నా, ఆయాసం వచ్చినా, చేతులు వాటంతట అవే ఎగిరిపడుతున్నా, పొద్దున లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం కోలా రంగులో వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి. ఒంటి మీద తేనె రంగు పక్కులు కట్టే చీము పొక్కులు కూడా చాలాసార్లు ఈ స్ట్రెప్ పనే, వాటి తర్వాత కూడా మూత్రం రంగు గమనించాలి.

పది రోజులయ్యాక నాలుగో సీసాలో 20 మి.లీ. మిగులుతుంది. చెల్లెలికి దగ్గొస్తే పనికొస్తుందని ఫ్రిజ్ తలుపులో దాచకుండా, ఆ రోజే పారబోయండి.