నోరు తెరవని రోగికి మత్తు: దంతచికిత్సలో శ్వాసమార్గం సంగతులు

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామంది "నోరు తెరవండి" అంటే తెరవరు. మల్లంపాటి గ్రేడు (నోరు తెరిస్తే గొంతు ఎంత కనిపిస్తుందన్న అంచనా) చూడకుండానే, మెడ ఎంత కదులుతుందో తేలకుండానే మత్తు మొదలుపెట్టాల్సి వస్తుంది. ఆ లోటు పూడ్చగలిగేది రోజూ వాళ్లను చూసుకునేవారే. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగుతుందా, నీళ్లు తాగితే పొలమారుతుందా, తిన్నది పైకి తన్నుతుందా అని అడిగి రాసుకోండి. అంగిలి చీలికకు ఆపరేషన్ అయిందేమో కూడా అడగాలి. గొంతు వెనక ఫ్లాప్ (కండ పొర) కుట్టి ఉంటే ముక్కులోంచి గుడ్డిగా శ్వాస ట్యూబు తోయకూడదు.

పరగడుపు ఎప్పటిలాగే: తేలికపాటి ఆహారానికి 6 గంటలు, తేట ద్రవాలకు 2 గంటలు. పొలమారకుండా చిక్కబరిచి ఇచ్చే నీళ్లు తేట ద్రవం లెక్కలోకి రావు, ఇక్కడే చాలామంది పొరబడతారు. మూర్ఛ మందు ఆ ఉదయం కూడా ఆపొద్దు.

ముందస్తు మత్తుకు మిడజోలం నోటి ద్వారా కిలోకు 0.5 మి.గ్రా., 20–30 నిమిషాల ముందు. మందు చేదు. సగం ఉమ్మేస్తే ఎంత మింగారో తెలియదు కనుక మళ్లీ పూర్తి మోతాదు ఇవ్వకండి. నోట్లో ఏదీ వేయనివ్వకపోతే డెక్స్‌మెడిటమిడిన్ ముక్కులో కిలోకు 2 మైక్రోగ్రాములు. ఇది పనిచేయడానికి 30–45 నిమిషాలు పడుతుంది. స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) ఉంటే ఏ మందైనా తగ్గించి, పక్కన మనిషి, పల్స్ ఆక్సిమీటర్ ఉన్నప్పుడే ఇవ్వాలి.

డౌన్ సిండ్రోమ్‌లో మెడ మొదటి రెండు పూసల పట్టు వదులుగా ఉండొచ్చు. నడక మారినా, చేతుల్లో బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా అత్యవసరం కాని పని వాయిదా వేసి మెడ పరీక్ష చేయించాలి. లక్షణాలు లేకున్నా మెడ తిన్నగానే ఉంచాలి. పని మధ్యలో తల తిప్పేది మత్తు ఇచ్చే మీరు కాదు, దంతవైద్యులు, కాబట్టి వాళ్లకు ముందే చెప్పండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి స్వరపేటిక కింద ఇరుకు ఉండొచ్చు, అందుకే వయసును బట్టి వేసే లెక్క కన్నా కనీసం 0.5 మి.మీ. చిన్న ట్యూబు. పీల్చే మత్తుమందు సెవోఫ్లురేన్‌తో గుండె వేగం పడిపోవడం వీళ్లలో ఎక్కువ. డయల్ నెమ్మదిగా పెంచండి, గుండె వేగం పెంచే అట్రోపిన్ కిలోకు 0.02 మి.గ్రా. సిరంజిలో సిద్ధంగా ఉండాలి.

నోరంతా పని ఉంటే ముక్కు ట్యూబే మేలు. ట్యూబు లేని గాఢ మత్తులో డ్రిల్లు నీళ్లు స్వరపేటిక మీద పడితే అది బిగుసుకుపోతుంది. ముక్కులో రక్తనాళాలను కుదించే జైలోమెటాజోలిన్ చుక్కలు 10 నిమిషాల ముందే వేయండి. ట్యూబును గోరువెచ్చని శుభ్రమైన నీటిలో మెత్తబరిచి, జెల్ రాసి, ముఖానికి లంబంగా, ముక్కు అడుగు వెంబడి పోనివ్వాలి. నుదుటివైపు ఎత్తితే టర్బినేట్ (ముక్కు లోపలి ఎముక మడత) చిట్లుతుంది. మొనకు మెత్తని రబ్బరు కాథెటర్ తొడిగి పంపితే రక్తం తగ్గుతుంది. గొంతులో కనబడగానే కాథెటర్‌ను నోట్లోంచి లాగేయండి. అడ్డు తగిలితే తోయొద్దు, తిప్పి చూడండి, లేదా రెండో రంధ్రం. బలం వాడితే ట్యూబు పొర కిందకు దూరిపోతుంది. మగిల్ ఫోర్సెప్స్ (ట్యూబును గొంతులో పట్టి నడిపే వంపు పటకారు)తో కఫ్ (ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) పట్టుకుంటే చిరుగుతుంది, దాని వెనక పట్టాలి. ట్యూబు స్వరపేటిక ముందు గోడకు తగిలి ఆగితే మామూలుగా తల కాస్త ముందుకు వంచుతాం. డౌన్ సిండ్రోమ్‌లో మాత్రం ట్యూబునే తిప్పండి.

మౌత్ గ్యాగ్ (నోరు తెరిచి ఉంచే సాధనం) పెట్టాక, తల కదిపిన ప్రతిసారీ క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే యంత్రం) చూసి రెండు ఊపిరితిత్తుల శబ్దం వినాలి. మెడ వంగితే ట్యూబు లోపలికి జారుతుంది, వెనక్కి వాలితే పైకి వస్తుంది. ముక్కు అంచు తెల్లబడితే ట్యూబు కట్టు సడలించండి, లేకపోతే పుండు పడుతుంది.

గొంతులో ప్యాక్ (రక్తం, నీళ్లు పీల్చుకునే గాజు గుడ్డ) పెట్టిన సమయం, తీసిన సమయం అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయాలి. తీశాక మెత్తని అంగిలి వెనక కూడా సక్షన్ చేయండి. అక్కడ దాగిన రక్తపు గడ్డ ట్యూబు తీశాక శ్వాసనాళంలోకి జారితే ప్రాణం పోతుంది. గొంతు బిగుసుకుంటే 100 శాతం ఆక్సిజన్‌తో మాస్క్ ఒత్తిడి, దవడ ఎత్తడం, తగ్గకపోతే ప్రొపోఫాల్ కిలోకు 0.5–1 మి.గ్రా., ఆపైన కండరాలు సడలించే సక్సినిల్‌కోలిన్ కిలోకు 1 మి.గ్రా.

మెలకువ వచ్చేసరికి చూసుకునేవారు మంచం పక్కనే ఉండాలి. ఐవీ సూదిని బ్యాండేజీతో చుట్టేయండి, కానీ రక్తస్రావం ఆగిందని తేలేదాకా తీయొద్దు. పెదవి మొద్దుబారితే వీళ్లు నమిలేసుకుంటారు. కాబట్టి కింది దవడ బ్లాక్ (తిమ్మిరి ఇంజెక్షన్) ఇచ్చివుంటే తిమ్మిరి పోయేదాకా కనిపెట్టుకుని ఉండమని ఇంటివాళ్లకు చెప్పి పంపండి.